“మీరు ముంచేవాళ్ళు కదా!”

ఈ వారం వచ్చిన ఉత్తరం, కొంచెం కుదించి:

“ఆంటీ, నాకు ఇరవై ఏడేళ్ళు. మాది పర్లాకిమిడి దగ్గర ఊరు, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ముత్తాత కాలం నుంచి బాప్టిస్టులం. నేను బరంపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రాయగడలో ఉన్న ఒక తెలుగు లూథరన్ కుటుంబం అబ్బాయితో నాకు పెళ్ళి మాటలయ్యాయి, మేమిద్దరం అంతకుముందే ఇష్టపడ్డాం. అతనికి మూడో నెలలోనే బాప్తిస్మం ఇచ్చారు. మా సంఘ పెద్దలేమో అది బాప్తిస్మమే కాదు, నీళ్ళు చిలకరించడం, అబ్బాయి వచ్చి ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే మన మందిరంలో పెళ్ళి అంటున్నారు. అతని తల్లి ‘ఇన్నేళ్ళూ మా బాబు అన్యుడా, క్రైస్తవుడే కాదా?’ అని ఏడ్చారట. ఇంకో పక్క ఆఫీసులో మా సీనియర్ మేడమ్ నలుగురి ముందు ‘వీళ్ళు బాప్టిస్టులు, జనాన్ని ముంచేవాళ్ళు’ అని నవ్వారు. మా తమ్ముడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో సైనికుడి అంత్యక్రియల దగ్గర అట్టలు పట్టుకుని తిడుతున్నారు, వాళ్ళ పేరులోనూ బాప్టిస్టు చర్చి అనే ఉంది. ‘వీళ్ళు మనోళ్ళేనా అక్కా?’ అంటాడు. మేమంటే అందరికీ ఎందుకింత చులకన? ఎవరికి ఏం చెప్పాలి? అతన్ని మళ్ళీ బాప్తిస్మం తీసుకోమని అడగనా, వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది.”

అమ్మాయ్, ‘ముంచేవాళ్ళు’ దగ్గర నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఆ మాట చిన్నప్పుడు టెక్కలి వైపు మా ఊళ్ళో విన్నాను, పెళ్ళయ్యాక గుణుపురంలో విన్నాను, టీచరుగా రిటైరయ్యాక కూడా విన్నాను. తెలుగులో దానికి రెండర్థాలు ఉండటం మన ఖర్మ. చిట్టీ డబ్బులు ఎగ్గొట్టి పోయినవాడూ ముంచినవాడే, ఏట్లో నడుం లోతున నిలబడి బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు గారూ ముంచినవాడే. మీ మేడమ్ ఆ జోకు తనే కనిపెట్టాననుకుని ఉంటుంది. ఇంగ్లండులో 1640ల్లోనే బాప్టిస్టులను ‘డిప్పర్లు’ అని, అంటే అచ్చంగా ముంచేవాళ్ళని వెక్కిరించేవారు. 1646లో శామ్యూల్ ఓట్స్ అనే బోధకుడి మీద ఏకంగా హత్య కేసు నడిచింది, ఆయన చేతుల మీద బాప్తిస్మం తీసుకున్న ఒకామె తర్వాత చనిపోతే, చన్నీళ్ళలో ముంచి చంపేశాడని. కోర్టు నిర్దోషి అని వదిలేసింది, కానీ వెక్కిరింత మాత్రం పోలేదు.

నేను పుట్టింది బాప్టిస్టు ఇంట్లో, మెట్టింది హిందువుల ఇంట్లో. మా ఇంట్లో బయటివాళ్ళ గురించి ఏమనేవారో, అత్తారింట్లో మన గురించి ఏమనేవారో రెండూ నా చెవిన పడ్డాయి. అందుకని ‘అందరూ మనల్ని అపార్థం చేసుకుంటున్నారు తల్లీ, ప్రార్థన చేసుకో’ అని నీకు రాయలేను. కొన్ని మాటలు ఎవరో చేసిన దానికి పడుతున్నాం, కొన్ని మాటల్లో మతం పేరుకే, లోపల ఉన్నది కులం, ఇంకొన్ని మాత్రం మనం చేజేతులా తెచ్చుకున్నవే.

ముందు తమ్ముడి సంగతి చూద్దాం. వాడు చూసింది కాన్సస్ రాష్ట్రంలో టొపీకా ఊళ్ళో ఉన్న వెస్ట్‌బరో బాప్టిస్టు చర్చి వాళ్ళని అయ్యుంటుంది. ఫ్రెడ్ ఫెల్ప్స్ అనే ఆయన 1955లో మొదలుపెట్టిన సంఘం అది, ఉన్న కొద్దిమందిలో ఎక్కువమంది ఆయన పిల్లలూ మనవలూ బంధువులే. అమెరికా స్వలింగ సంపర్కుల్ని సహిస్తోంది కాబట్టి దేవుడు సైనికుల్ని చంపి శిక్షిస్తున్నాడని వాళ్ళ వాదన, ఆ మాటే అట్టల మీద రాసుకుని కొడుకుని పోగొట్టుకున్న వాళ్ళ ఎదురుగా నిలబడతారు. ఒక సైనికుడి తండ్రి కోర్టుకి వెళ్తే 2011లో అక్కడి సుప్రీం కోర్టు, ఎనిమిది మంది జడ్జీలు ఒక పక్క ఒక్కరు ఒక పక్క, అది కూడా మాట్లాడే స్వేచ్ఛ కిందికే వస్తుందని తేల్చింది. వాళ్ళు ఏ బాప్టిస్టు సమాఖ్యలోనూ లేరు, మిగతా బాప్టిస్టులు వాళ్ళని ఎప్పుడో తప్పుపట్టారు. మనోళ్ళు కాదు అని వాడికి ధైర్యంగా చెప్పు.

కానీ వాడు తెలివైనవాడైతే వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు, మరి ఆ పేరెలా పెట్టుకోనిచ్చారు అని. అక్కడే ఉంది చిక్కు. బాప్టిస్టులకి పోపు లేడు, పైనుంచి హుకుం జారీ చేసే బిషప్పు లేడు, ఏ సంఘం దానికదే స్వతంత్రం. పాస్టరుని పిలుచుకునేది సంఘమే, పంపించేసేదీ సంఘమే. ఇది మనకి గొప్ప. అదే సమయంలో ఎవడైనా రేకుల షెడ్డు వేసి బాప్టిస్టు అని బోర్డు తగిలిస్తే దాన్ని పీకించే అధికారం ఎవరికీ లేదు. మన వైపు చూడు, డీకన్లతో, అంటే సంఘం పనులు చూసే పెద్దలతో, తగువుపడ్డ పాస్టరు ఆదివారం నాటికి నాలుగు కుటుంబాలతో పక్క వీధిలో పందిరి వేసేస్తాడు. ఊళ్ళో ఇతరులకి మాత్రం వాళ్ళూ వీళ్ళూ అందరూ బాప్టిస్టులే.

ఆ స్వతంత్రం చాటున దాక్కున్నవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో ప్రొటెస్టెంట్లలో అన్నిటికంటే పెద్ద సమాఖ్య సదరన్ బాప్టిస్టులది. చర్చిల్లో లైంగిక దాడులకి గురైనవాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటే, ఏ చర్చికి ఆ చర్చి స్వతంత్రం, మేమేం చేయగలం అని నాయకులు తప్పించుకున్నారు. తీరా 2022లో బయటి సంస్థ విచారించి నివేదిక ఇచ్చాక తెలిసిందేమిటంటే, ఆరోపణలున్న 700 మందికి పైగా పేర్లతో ఒక జాబితాని ఆఫీసులో గుట్టుగా రాసిపెట్టుకున్నారు. జాబితా రాయడానికి అడ్డురాని స్వతంత్రం జనాన్ని హెచ్చరించడానికి అడ్డొచ్చిందన్నమాట. ఆ సమాఖ్య పుట్టుకే మంచిది కాదు, బానిసల్ని ఉంచుకున్నవాళ్ళని మిషనరీలుగా పంపొచ్చా అన్న గొడవలో, పంపొచ్చన్నవాళ్ళు 1845లో విడిపోయి పెట్టుకున్నది. దానికి క్షమాపణ చెప్పింది 1995లో, అంటే నూట యాభై ఏళ్ళకి. అక్కడివాళ్ళు బాప్టిస్టు అన్న మాట వినగానే మొహం చిట్లిస్తే వాళ్ళని తప్పుపట్టలేం. అయితే మార్టిన్ లూథర్ కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే, ఆయన తండ్రీ పాస్టరే. ప్రెసిడెంటుగా చేసిన జిమ్మీ కార్టర్ పండు ముసలితనం దాకా సండే స్కూలు చెప్పిన మనిషి, ఆడవాళ్ళని తక్కువ చేస్తున్నారని 2000లో ఆ సమాఖ్యకి దూరం జరిగాడు గానీ బాప్టిస్టుగానే ఉండిపోయాడు. ఇవన్నీ తమ్ముడికి చెప్పు, వాడి వయసు పిల్లలకి సగం చెప్పి ఊరుకుంటే మిగతా సగం ఇంకెవరో చెప్తారు.

ఇక అసలు మనమెవరం అన్నది. ఆమ్‌స్టర్‌డామ్‌కి పారిపోయిన కొంతమంది ఇంగ్లీషువాళ్ళు 1609లో, పసిపిల్లకి తెలియకుండా ఇచ్చే బాప్తిస్మం చెల్లదు, నమ్మినవాడు తన నోటితో ఒప్పుకుని తీసుకోవాలి అన్నారు. చూడ్డానికి చిన్న మాట. కానీ ఆ రోజుల్లో చర్చిలో బాప్తిస్మం అంటే రాజ్యం జనాభా లెక్కలాంటిది. దాన్ని కాదంటే రాజుని కాదన్నట్టే. వాళ్ళలో థామస్ హెల్విస్ అనే ఆయన ఇంగ్లండుకి తిరిగొచ్చి, దేవుడికీ మనిషికీ మధ్య రాజుకి పనిలేదు, మతం విషయంలో క్రైస్తవుణ్ణే కాదు యూదుణ్ణీ ముస్లిమునీ కూడా శిక్షించే హక్కు రాజుకి లేదు అని రాసి 1612లో రాజుకే చెప్పబోయాడు. జైల్లో వేశారు, అక్కడే పోయాడు. నమ్మకం విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదని ఇంగ్లండులో మొదట్లోనే మొండికేసినవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకో, నీ పెళ్ళి దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఏ దేశంలో ఎవరేం చేసినా మన వైపు చులకన మాత్రం అక్కడి నుంచి రాలేదు. కాన్సస్ ఎక్కడుందో మీ మేడమ్‌కి అక్కర్లేదు.

నా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ మొదటిసారి మా అత్తగారింటికి వచ్చింది. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చారు, అమ్మకి మాత్రం పెరటి గూట్లో బోర్లించి ఉండే గాజు గ్లాసులో. అమ్మ మాట్లాడుతూనే తాగింది, లేచి పెరట్లోకి వెళ్ళి గ్లాసు కడిగింది, తెచ్చి అదే గూట్లో అలాగే బోర్లించింది. ఆ గూడు ఎక్కడుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. తర్వాత మా అత్తగారు నాతో ‘మాకు మతం పట్టింపు లేదమ్మా, మీ పాస్టరు గారు ఎంత మంచివారో’ అంది. నిజమే, ఆవిడకి మతం పట్టింపు లేదు.

తెలుగువాళ్ళలో బాప్టిస్టు అంటే చాలామంది లోపల వినపడేది మాల, మాదిగ అన్న మాటే. దానికి చరిత్ర ఉంది. అమెరికా బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, శ్రీకాకుళంలో కొన్నాళ్ళుండి, చివరికి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా పెద్దగా ఎవరూ చేరలేదు. మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. తర్వాత ఒంగోలులో అదే మిషన్ పంపిన జాన్ క్లౌ కాలంలో మొత్తం మారింది, దానికి కారణం దొర ఒక్కడే కాదు, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి. ఆయనే ఊరూరా తిరిగి తనవాళ్ళకి చెప్పాడు. అగ్రకులాలవాళ్ళు కొందరు మేమూ చేరతాం కానీ వాళ్ళని చేర్చుకోవద్దు అన్నారు, క్లౌ దంపతులు మాదిగల పక్షానే నిలబడ్డారు. ఆ రోజు అటు మొగ్గి ఉంటే మనకి ఇవాళ ఎంత మర్యాద దొరికేదో! దొరక్కపోవడమే నయం అంటాను నేను.

‘బియ్యం కోసం మారినవాళ్ళు’, ‘పాలపొడి క్రైస్తవులు’ అన్న మాటలు నువ్వు వినే ఉంటావు. 1876 నుంచి 78 దాకా డొక్కలు ఎండిపోయిన కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. గంజి కోసం అడుగుతున్నారో నమ్మి అడుగుతున్నారో తెలియదని కరువు పని సాగినన్నాళ్ళూ ఆపేశాడు. ఆ పని అయిపోయాక కూడా జనం వదల్లేదు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. దీన్ని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ కడుపు కాలినప్పుడు అన్నం పెట్టినవాడి మీద నమ్మకం కుదరడంలో అన్నం ఎంత, దేవుడెంత అని విడదీయగలిగేవాళ్ళెవరు? తరతరాలుగా ఊరి బావి దగ్గరికి రానివ్వనివాళ్ళు ‘కూటికోసం మారారు’ అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మన ఉత్తరాన పని చేసింది కెనడా బాప్టిస్టులు. 1874లో కాకినాడలో మొదలై బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి దాకా వచ్చారు, సవరల కొండల్లో సెరంగో ఆసుపత్రి వాళ్ళ చలవే. ‘దొరల మతం’ అన్న పేరు అందుకే. అసలు మీ పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు బ్రాహ్మణుడు, ఆయన కటకంలో బాప్తిస్మం తీసుకున్నది 1833లో, కెనడా దొరలు ఇటు అడుగుపెట్టడానికి నలభై ఏళ్ళ ముందు. ఆయన రాసిన తెలుగు కీర్తనలు ఇవాళ్టికీ బాప్టిస్టులూ లూథరన్లూ ఇద్దరూ పాడతారు. మీ కాబోయే అత్తగారికి నోటికి వచ్చే ఉంటాయి.

రికార్డుల సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. తర్వాత 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. అందువల్ల కాగితాల్లో హిందువు, ఆదివారం మందిరంలో బాప్టిస్టు, ఇలా బతికే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో. బయటివాళ్ళు దీన్ని చూపించి దొంగలంటారు. మతం మారినంత మాత్రాన గాజు గ్లాసు స్టీలు గ్లాసు కాలేదు కదా, మరి కులం లేదని ఎలా అంటారు అని నేను అడుగుతాను. అలాగని పిల్లల చేత ఫారాల్లో అబద్ధం రాయించి, మళ్ళీ మందిరంలో ‘సాక్షిగా జీవించండి’ అని ప్రసంగం చేసేవాళ్ళని చూస్తే నాకూ మింగుడుపడదు.

ఇప్పుడు మనం చేజేతులా తెచ్చుకున్నవి. తెల్లారుజామున నాలుగింటికి మైకు. పరీక్షల రోజుల్లో మూడు రాత్రుల సభలు, స్పీకర్లు నాలుగు దిక్కులా. పక్కింటివాళ్ళు ప్రేమగా ప్రసాదం తెచ్చిస్తే ‘మేం తినం’ అని గుమ్మంలోనే తిప్పి పంపడం. తినకపోతే పోనీ, అది నీ మనస్సాక్షి, కానీ చేతులు చాచి తీసుకుని ‘మేం తినమమ్మా, పిల్లలెవరికైనా ఇస్తాం’ అని చెప్పడానికి ఎంత మర్యాద కావాలి? ఆస్తుల తగాదాలు మరీ సిగ్గుచేటు. దొరలు వదిలేసి వెళ్ళిన బంగళాలూ స్థలాలూ ఎవరి చేతిలో ఉండాలని రెండు వర్గాలు కోర్టుకెక్కి, పోలీసుల కాపలాలో ఆరాధన జరిగిన మందిరం నేను కళ్ళారా చూశాను. గేటు బయట టీ కొట్టు దగ్గర జనం నవ్వుకుంటున్నారు. వాళ్ళని ఏమనను?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ‘అన్యులు’ అన్న మాట. మా ఆయన పోయినప్పుడు, ఆయన నా కోసం ప్రతి క్రిస్మస్‌కీ మా మందిరానికి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్న మనిషి, మా పిన్ని పక్కావిడతో ‘పాపం, అన్యుడిగానే పోయాడు’ అంది. శవం ఇంకా లేవలేదు. ఇన్నేళ్ళ తర్వాత నీ ఉత్తరంలో అదే మాట చూశాను, అది కూడా ఒక క్రైస్తవురాలైన తల్లి నోట. మీ పెద్దలు ఆ మాట నోటితో అనకపోయినా ఆవిడకి వినపడింది అదే.

నీ బాప్తిస్మం ఎక్కడైంది? మహేంద్రతనయలోనే అయ్యుంటుంది. నాది వంశధారలో, పదిహేనో ఏట. తెల్ల చీర తేలిపోకుండా కుచ్చిళ్ళకి అమ్మ పిన్నీసులు గుచ్చింది, ఒడ్డున డీకన్ గారి భార్య తువ్వాలు పట్టుకుని నిలబడింది, పాస్టరు గారు నా ముక్కుకి రుమాలు అడ్డుపెట్టి వెనక్కి వాల్చారు. గట్టు మీద పశువులు కాసే గుంటలు ‘ముంచేత్తన్నారు రోయ్, ములిగిపోనాది!’ అని కేకలు. లేచేసరికి చెవుల్లో నీళ్ళు, ఒడ్డున పాట, ఏదో పెద్ద పని నా అంతట నేను చేశానన్న ధీమా. నా జీవితంలో నన్నడిగి జరిగిన మొదటి సంగతి అది. అందుకే మీ పెద్దల పట్టుదల నాకు అర్థం కాకపోలేదు. వాళ్ళు మూర్ఖులేం కాదు, ఆ ధీమా ప్రతివాళ్ళకీ ఉండాలనుకుంటున్నారు.

కానీ ఇక్కడే లెక్క తప్పారు. నమ్మినవాడు తన ఇష్టంతో తీసుకోవాలన్నదే మన మూలం. పెళ్ళి ఆగిపోతుందన్న భయంతో అతను ఏట్లో దిగితే అది ఇష్టం ఎలా అవుతుంది? ఆ రోజు జరిగేది బాప్తిస్మం కాదు, స్నానం. హెల్విస్ జైలుకెళ్ళింది దీనికోసం కాదు. క్లౌ కరువులో ఆపేసింది ఎందుకు, అడిగే కారణం వేరే అయ్యుండొచ్చనే కదా. గంజి కోసం వద్దన్నప్పుడు పెళ్ళి కోసం ఎలా కావాలి? ఈ మాట మీ పెద్దలకి చెప్పు, కోపంగా కాదు, వాళ్ళ లెక్కలోనే వాళ్ళకి చూపించు.

నా సలహా, అతన్ని అడగొద్దు. ఎప్పటికైనా తనకే అనిపిస్తే అప్పుడు తీసుకుంటాడు, అనిపించకపోతే నీకు పోయిందేమీ లేదు. లూథరన్లకి పదిహేను, పదహారేళ్ళ వయసులో కన్ఫర్మేషన్ ఉంటుంది, ఆ రోజు అతను తన నోటితో ఒప్పుకునే ఉంటాడు. చిన్నప్పటి బాప్తిస్మాన్నీ పెద్దయ్యాక తీసుకునేదాన్నీ రెండింటినీ ఒప్పుకుంటూ కలిసినవాళ్ళు కూడా ఉన్నారు, 1970లో నాగపూర్‌లో ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో కొందరు బాప్టిస్టులు అలాగే చేరారు. మీ సంఘం అందులో లేదనుకో, అయినా ఇది కనీ వినీ ఎరుగని సంగతేం కాదని పెద్దలకి తెలియాలి.

రెండో సంగతి, మన పద్ధతిలో తుది మాట పాస్టరుది కాదు, నలుగురు డీకన్లదీ కాదు, సంఘానిది. నువ్వు బాప్తిస్మం తీసుకున్న సభ్యురాలివి, నీకూ ఓటుంది. సంఘ సభలో ఈ విషయం పెట్టమని ఒక కాగితం రాసి సెక్రటరీ చేతికియ్యి. చాలాచోట్ల ‘పెద్దలు అన్నారు’ అనేది ముగ్గురు మనుషుల మాట మాత్రమే. ఓడిపోతే? ఓడిపోవచ్చు. అప్పుడు రాయగడలో వాళ్ళ చర్చిలో చేసుకోండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం మీ ఇద్దరికీ సరిపోతుంది, అందులో పెళ్ళికొడుకు ఏ పద్ధతిలో తడిశాడని అడగరు. మీ ఊళ్ళో భోజనాలు పెట్టుకోండి.

ఇంకోటి, మనం ఉన్నది ఒడిశాలో. 1967లోనే ఇక్కడ మతమార్పిడుల మీద చట్టం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో అలాంటిది మొదటిది ఇదే. కంధమాల్ మీకు ఆనుకునే ఉంది, 2008 ఆగస్టు తర్వాత అక్కడ క్రైస్తవుల ఇళ్ళ మీదా చర్చిల మీదా జరిగిన దాడులు మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుంటాయి. ఇటు చూస్తే తెలుగువాళ్ళం, అటు చూస్తే క్రైస్తవులం, రెండు విధాలా కొద్దిమందిమి. ఇలాంటి చోట ఉన్న కొద్దిమందీ లూథరన్ నీళ్ళు చాలవు, బాప్టిస్టు నీళ్ళే కావాలని కొట్టుకుంటుంటే చూసేవాళ్ళకి వినోదం.

మీ మేడమ్‌తో పెద్ద చర్చ పెట్టుకోకు. ఏట్లో బాప్తిస్మం చూడ్డానికి రమ్మని పిలవాలనిపిస్తుందేమో, వద్దు, ఈ రోజుల్లో దానికి వేరే అర్థాలు తీస్తారు. జోకు మళ్ళీ వేస్తే నవ్వుతూనే ‘మేడమ్, అకౌంట్స్ చూసేది నేనే, ముంచితే ముందు మీకే తెలుస్తుంది’ అను. అప్పటికీ ఆపకుండా కులం దాకా వస్తే మాత్రం నవ్వొద్దు, తేదీ, టైము, విన్నవాళ్ళ పేర్లు రాసి పెట్టుకుని పైవాళ్ళకి కాగితం మీద ఇయ్యి.

ఇవన్నీ తర్వాత. ముందు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక రాయగడ వెళ్ళు. మీ కాబోయే అత్తగారి పక్కన కూర్చుని, మీ బాబుని అలా అనడం మాదే తప్పు అని నువ్వే చెప్పు, పెద్దల తరఫున కాదు, నీ తరఫున. టీ ఇస్తే తాగు. మీ అమ్మని వెంట తీసుకెళ్ళు. పాస్టరు గారిని మాత్రం వద్దు.